ఆపరేషన్ బల్ల మీద సిగ్గూ భయమూ

ఆపరేషన్‌కి తేదీ ఖాయమయ్యాక డాక్టరుగారిని అడిగే ప్రశ్నలు వేరు, ఆ గది దాటి బయటికొచ్చాక సిస్టరమ్మనో ఆయమ్మనో పక్కకి పిలిచి అడిగేవి వేరు. లోపల అడిగేవి ఎంతసేపు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్లకి ఇంటికి పంపిస్తారు అన్నవి. బయట గొంతు తగ్గించి అడిగేవి ఇలా ఉంటాయి: ఒంటి మీద బట్టలన్నీ తీసేయాలా అమ్మా? లోపల మగవాళ్లుంటారా? యూరిన్ పైపు ఎవరు పెడతారు? తాళి తీయక తప్పదా? మత్తులో నేనేమైనా వాగేస్తానా? మగవాళ్లూ అడుగుతారు, ఇంకా తక్కువ గొంతుతో. వరిబీజం, మొలలు, హెర్నియా ఆపరేషన్లకి వచ్చేవాళ్లలో ఏళ్ల తరబడి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పంచె కట్టు మార్చుకుని నెట్టుకొచ్చినవాళ్లుంటారు.

ఈ రెండో రకం ప్రశ్నలకి తరచుగా దొరికే జవాబు ఒక్కటే: "అవన్నీ మేం చూసుకుంటాం లెండి, భయపడకండి." ఆ మాట ఓదార్పు కోసమే అంటారు. కానీ అడిగిన మనిషికి ఏమీ తెలియలేదు, తెలియనిదాన్ని ఊహ నింపుకుంటూ పోతుంది. రోగి సిగ్గుని వైద్యానికి అడ్డొచ్చే చిల్లర విషయంగా చూడడం మనకి అలవాటైపోయింది. పరిశోధనలు చెప్పేది అందుకు విరుద్ధంగా ఉంది. ఆ సిగ్గు, దాన్ని అంటిపెట్టుకుని వచ్చే భయం గుండె వేగంలో, మత్తుమందు మోతాదులో, నొప్పి తీవ్రతలో, గాయం మానడానికి పట్టే రోజుల్లో కనిపిస్తాయి. కాబట్టి వాటిని తగ్గించడం మర్యాద మాత్రమే కాదు, చికిత్సలో భాగం.

భయం ఒంట్లో ఏం చేస్తుందో ముందు చూద్దాం. ప్రమాదం ఉందని మెదడులోని అమిగ్డలా పసిగట్టగానే హైపోథాలమస్ రెండు దారుల్లో కబురు పంపుతుంది. నరాల దారిన వెళ్లిన కబురు క్షణాల్లో అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్‌ని విడుదల చేయిస్తుంది. గుండె దడదడలాడడం, బీపీ పెరగడం, అరచేతుల్లో చెమట, నోరెండిపోవడం దాని పనులే. రెండో దారి కొంచెం నెమ్మది. పిట్యూటరీ గ్రంథి మీదుగా హార్మోన్ రూపంలో వెళ్లి, అవే అడ్రినల్ గ్రంథుల పైపొర నుంచి కార్టిజాల్‌ని రప్పిస్తుంది. కాసేపు ఉంటే కార్టిజాల్ మేలే చేస్తుంది. రోజుల తరబడి ఎక్కువగా ఉంటే రక్తంలో చక్కెర పెరుగుతుంది, రోగనిరోధక కణాలు మందగిస్తాయి.

సిగ్గుకి ఇందులో పెద్ద పాత్రే ఉంది. 2004లో శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా ప్రయోగశాలల్లో జరిగిన 208 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఏ రకం ఒత్తిడి కార్టిజాల్‌ని ఎక్కువ పెంచుతుందన్నది వాళ్ల ప్రశ్న. ఎదుటివాళ్లు తనను చూసి విలువ కడుతున్నారన్న భావన ఒకటి, పరిస్థితి తన చేతుల్లో లేకపోవడం ఇంకొకటి. ఈ రెండూ కలిసిన చోట కార్టిజాల్ అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది, మామూలు స్థాయికి రావడానికీ ఎక్కువ సమయం పట్టింది. అవి ప్రయోగశాలలో జరిగినవి, థియేటర్‌లో కాదు. అయినా మత్తు ఇవ్వడానికి ముందు రోగి ఉన్న స్థితి ఎలాంటిదో ఆలోచించండి. తను వెల్లకిలా పడుకుని ఉంటుంది, మిగతా అందరూ నిలబడి ఉంటారు. వాళ్ల ముఖాలకి మాస్కులు, తన ఒంటికి వెనక నాడాలు కట్టిన పల్చటి గౌను. ఎవరు డాక్టరో ఎవరు టెక్నీషియనో తెలియదు. ఆ రెండు షరతులూ పూర్తిగా కుదిరే చోటు మామూలు మనిషి జీవితంలో ఇంతకన్నా ఇంకొకటి ఉంటుందనుకోను.

దీని ప్రభావం మత్తు డాక్టర్‌కి నేరుగా తెలుస్తుంది. అమెరికాలో ఇన్నా మారానెట్స్, జీవ్ కేన్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో ల్యాపరోస్కోపీ ద్వారా ట్యూబెక్టమీ చేయించుకుంటున్న స్త్రీల ఆందోళన స్థాయిని ముందుగానే కొలిచారు. స్వతహాగా ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్లకి నిద్రలోకి వెళ్లడానికీ, ఆ నిద్ర నిలబడడానికీ ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఎక్కువ అవసరమైంది. గాయం మానడం మీద 1998లో వచ్చిన ఇంకో ప్రయోగం చిన్నదే గానీ తేలిగ్గా కొట్టిపారేయలేనిది. 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిలి మీద ఒకే కొలతలో చిన్న గాయం చేశారు, ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పరీక్షలకి 3 రోజుల ముందు. పరీక్షల ముందు చేసిన గాయం మానడానికి 40 శాతం ఎక్కువ సమయం పట్టింది. పరీక్ష భయానికే అంత తేడా వచ్చింది.

మరి భయం తగ్గించడానికి ఏం చేయాలి? ముందు రోజు రాత్రి ఒక నిద్రమాత్ర ఇవ్వడం ఎక్కడైనా ఉన్న ఆచారమే. ఫ్రాన్స్‌లోని 5 బోధనాసుపత్రుల్లో 1,062 మందితో చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో, ఆపరేషన్‌కి ముందు లోరాజెపామ్ మాత్ర వేసుకున్నవాళ్లకీ వేసుకోనివాళ్లకీ ఆ అనుభవం పట్ల సంతృప్తిలో తేడా కనిపించలేదు. పైగా మాత్ర వేసుకున్నవాళ్లకి గొంతులోని ట్యూబు తీయడం ఆలస్యమైంది. మాత్ర అందరికీ వృథా అని దీనర్థం కాదు, తీవ్రమైన భయం ఉన్నవాళ్లకి వైద్యులు ఆలోచించి ఇస్తారు. కానీ మాటతో జరగాల్సిన పనికి మాత్రని అడ్డం పెట్టుకోవడం కుదరదు.

మాటతో ఏం జరుగుతుందో 1964లోనే బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టర్ చూపించాడు. పొట్ట ఆపరేషన్ చేయించుకోబోయే 97 మందిని రెండు వర్గాలు చేశాడు. ఒక వర్గానికి మామూలుగా చెప్పేవి చెప్పారు. రెండో వర్గం దగ్గర ముందు రోజు రాత్రి కూర్చుని, మెలకువ వచ్చాక నొప్పి ఎక్కడ పుడుతుంది, ఎంతకాలం ఉంటుంది, కోత చుట్టూ కండరాలు బిగుసుకోవడం వల్ల అది ఎందుకు పెరుగుతుంది, ఊపిరి ఎలా తీయాలి, మంచం మీద చేతుల ఊతతో పక్కకి ఎలా తిరగాలి అన్నీ వివరించారు. ఎవరు ఏ వర్గమో శస్త్రవైద్యులకి చెప్పలేదు. వివరంగా చెప్పించుకున్నవాళ్లకి నొప్పి ఇంజెక్షన్లు దాదాపు సగమే సరిపోయాయి. వాళ్లని సగటున 2.7 రోజులు ముందుగా ఇంటికి పంపారు. కొత్త మందూ లేదు, కొత్త పరికరమూ లేదు.

ఎంత చెప్పాలన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. నెదర్లాండ్స్‌లో 1996లో తయారుచేసిన ఒక చిన్న ప్రశ్నావళి ఇప్పుడు చాలా దేశాల్లో వాడుకలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ స్కేల్ అనే దానిలో ఉన్నవి 6 వాక్యాలే. నాలుగు భయం గురించి, రెండు సమాచారం ఎంత కావాలన్నదాని గురించి. కొందరికి అన్నీ తెలిస్తేనే స్థిమితం, కొందరికి ఎక్కువ వింటే గుబులు. ముందు అడిగి తెలుసుకుంటే ఎవరికి ఎంత చెప్పాలో తేలిపోతుంది. ఎన్నో పేజీల కేస్ షీట్‌లో 6 ప్రశ్నలకి చోటు లేకపోలేదు.

ఏ మాటలు వాడతారన్నదీ ముఖ్యమే. కాన్పు నొప్పులప్పుడు ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ కోసం, సిజేరియన్‌కి వెన్నులో మత్తు కోసం వచ్చిన 140 మంది స్త్రీలతో అమెరికాలో చేసిన ప్రయోగం 2010లో వచ్చింది. సూది గుచ్చే ముందు కొందరికి పెద్ద తేనెటీగ కుట్టినట్టు ఉంటుంది, ఇదే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం అని చెప్పారు. ఇంకొందరికి ఇక్కడ మొద్దుబారడానికి మందు ఇస్తున్నాం, ఆ తర్వాత సౌకర్యంగా ఉంటుంది అని చెప్పారు. సూది ఒకటే, మందు ఒకటే. మొదటివాళ్లు నొప్పికి 10కి 5 వేస్తే రెండోవాళ్లు 3 వేశారు. మన దగ్గర "చీమ కుట్టినట్టు ఉంటుంది" అనడం మామూలు. ఉద్దేశం మంచిదే, కానీ ఆ మాటతో మనసు నొప్పి వైపే తిరుగుతుంది. ఆ మందు ఏం మేలు చేస్తుందో చెప్పడం మంచిది.

ఇక బట్టల దగ్గరికి వద్దాం. చాలామందిని రాత్రంతా నిద్రపోనివ్వనిది ఇదే. ఎందుకు తీయమంటారో కారణాలు ఎవరూ చెప్పరు కాబట్టి, తీయమన్నవన్నీ అవమానంగానే తోస్తాయి. వీటిలో కొన్నిటికి గట్టి కారణాలున్నాయి. రక్తనాళాల్ని మూయడానికి వాడే కాటరీ యంత్రంలోంచి వచ్చే విద్యుత్తు ఒంట్లోంచి ప్రయాణించి తొడ కిందో పిరుదుల కిందో అంటించిన ప్లేటు ద్వారా బయటికి పోతుంది. ఆ ప్లేటు చర్మానికి నేరుగా అంటుకోవాలి. ఒంటి మీది లోహం ఆ విద్యుత్తుకి వేరే దారి చూపిస్తే అక్కడ కాలే ప్రమాదం ఉంది. కొత్త యంత్రాల్లో ఈ ప్రమాదం బాగా తగ్గింది. కానీ ఉంగరాలు, మెట్టెలు, గాజులకి ఇంకో చిక్కు ఉంది. సెలైన్ ఎక్కాక వేళ్లు వాస్తే అవి రక్తప్రసారాన్ని బిగిస్తాయి. గోళ్ల రంగు తీయమనడానికి కారణం వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్. అది గోరులోంచి ఎర్ర కాంతినీ పరారుణ కాంతినీ పంపి రక్తంలో ఆక్సిజన్‌ని లెక్కగడుతుంది. ముదురు రంగులు, నల్ల మెహందీ దానికి అడ్డొస్తాయి. చేతికి పండిన గోరింటాకు ఉంటే కంగారు పడక్కర్లేదు, చెవి తమ్మెకి పెట్టే సెన్సార్లు ఉంటాయి.

తాళి సంగతి వేరుగా చెప్పాలి. లోహం తీయాలన్న నియమం సూత్రాలకీ గొలుసుకీ వర్తిస్తుంది. మెడ దగ్గర ఆపరేషన్ కాని చోట, లోహం లేని పసుపుతాడు ఒక్కటీ ఉంచవచ్చా అని అడగడంలో తప్పులేదు. అడిగితే ఒప్పుకునే వైద్యులున్నారు. ఒప్పుకోకపోతే కారణం చెప్పమనవచ్చు. తీయాల్సి వస్తే ఎవరి చేతుల మీదుగా తీయాలి, ఎవరికి అప్పగించాలి అన్నది ఆమె ఇష్టం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక థియేటర్ గుమ్మం దగ్గర ఎవరో గబగబా లాగి కవర్లో వేయడానికీ, వార్డులో భర్తో తల్లో పక్కనుండగా తీసి భద్రపరచడానికీ ఆమె మనసులో ఎంత తేడా ఉంటుందో ఆ వార్డులో పనిచేసే ఏ నర్సునడిగినా చెబుతుంది. పెద్దవాళ్లకి కట్టుడు పళ్లు తీయడం ఇలాంటిదే. మత్తులో అవి జారి శ్వాసనాళానికి అడ్డుపడతాయి కాబట్టి తీయాలి. కానీ పొద్దుటే తీయించి మనవల ముందు బోసినోటితో కూర్చోబెట్టక్కర్లేదు, మత్తిచ్చే ముందు తీస్తే చాలు. కళ్లజోడు, చెవి మిషను అయితే చివరి క్షణం దాకా ఉంచాలి. కనపడక, వినపడక పడుకున్న మనిషికి భయం రెట్టింపవుతుంది.

ఇక కారణం బలంగా లేని ఆచారాలు. అందులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పార్ట్ ప్రిపరేషన్ పేరుతో బ్లేడుతో గొరగడం. ముందు రోజు సాయంత్రం వార్డులోనే, ఒక్కోసారి అడ్డుతెర అయినా లేకుండా, బొడ్డు నుంచి మోకాళ్ల దాకా గొరిగే పద్ధతి మన దగ్గర ఎన్నో ఏళ్లుగా సాగింది. రోగులు దీన్ని ఆపరేషన్ కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు. శుభ్రత కోసమని నమ్మి చేసేవారు. 1971లో సెరోపియన్, రేనాల్డ్స్ అనే అమెరికన్ పరిశోధకులు లెక్క తీస్తే, బ్లేడుతో గొరిగినవాళ్లలో 5.6 శాతం మందికి గాయం చీము పట్టింది, క్రీముతో తీసినవాళ్లలో, అసలు తీయనివాళ్లలో 0.6 శాతం మందికే. బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుంది, వాటిలో క్రిములు చేరి రాత్రంతా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో వెంట్రుకలు తీయకుండా ఉండడమే మేలనీ, తప్పనిసరైతే క్లిప్పర్ వాడాలనీ, బ్లేడు ఏ దశలోనూ వద్దనీ గట్టిగా చెప్పింది. మామూలు కాన్పులకి అందరికీ గొరగడం, ఎనిమా ఇవ్వడం కూడా వద్దని 2018లో చెప్పింది. అంటే ఇన్ని తరాల ఆడవాళ్లూ మగవాళ్లూ పడ్డ ఆ సిగ్గు ఎవరికీ ఉపయోగపడలేదు, కొందరికి హాని చేసింది. వాళ్లు సిగ్గుతో అడిగిన "ఇది అవసరమా?" అన్న ప్రశ్నకి మొదట్లోనే ఎవరైనా విలువ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఒంటిని కప్పి ఉంచడం గురించి కూడా శాస్త్రం రోగి పక్షానే ఉంది. మత్తు ఇవ్వగానే చర్మం దగ్గరి రక్తనాళాలు వదులవుతాయి. ఒంటి నడుమ ఉన్న వెచ్చని రక్తం చేతులూ కాళ్ల వైపు పాకుతుంది. వణికి వేడి పుట్టించుకునే శక్తిని కూడా మత్తు అణచేస్తుంది. అందువల్ల మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుంది. చల్లటి థియేటర్‌లో కప్పుకోని చర్మం నుంచి వేడి పోతూనే ఉంటుంది. 1996లో ఆండ్రియా కుర్జ్, డేనియల్ సెస్లర్ బృందం పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిని పరిశీలించింది. ఒళ్లు చల్లబడనిచ్చినవాళ్లలో 19 శాతం మందికి గాయం చీము పట్టింది. వెచ్చగా ఉంచినవాళ్లలో 6 శాతం మందికే. చల్లబడ్డవాళ్లు ఆసుపత్రిలో సగటున 2.6 రోజులు ఎక్కువున్నారు. చలికి చర్మంలో రక్తప్రసారం తగ్గి, క్రిముల్ని చంపే తెల్లకణాలకి ఆక్సిజన్ అందకపోవడం దీనికి కారణం. 5 వేల మందికి పైగా రోగులతో చేసి 2022లో వెలువరించిన ప్రయోగం ఇంకో విషయం తేల్చింది. 35.5 డిగ్రీల దగ్గర ఉంచినా 37 దగ్గర ఉంచినా ఫలితాల్లో తేడా లేదు. కాబట్టి అతిగా వేడెక్కించక్కర్లేదు, అంతకన్నా దిగకుండా చూస్తే చాలు. అందుకు మొదటి సాధనం దుప్పటే. ఒక్క పొర కప్పితేనే చర్మం నుంచి పోయే వేడి దాదాపు 30 శాతం తగ్గుతుంది. కోత పడే చోటు తప్ప మిగతా ఒళ్లంతా కప్పమని రోగి అడగడం సిగ్గు కోసమైనా, వైద్యం కోసమైనా సరైన కోరికే.

లోపల నిజంగా జరిగేది కూడా చాలామంది ఊహించుకున్నంత భయంకరంగా ఉండదు. పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్లలో యూరిన్ పైపు సాధారణంగా నిద్రలోకి వెళ్లాకే పెడతారు. యాంటిసెప్టిక్ పూత పూశాక ఆకుపచ్చ, నీలం గుడ్డలతో ఒళ్లంతా కప్పేస్తారు. కోత పెట్టే జానెడు చోటు మాత్రమే కనిపిస్తుంది. అయితే గౌను తీయడానికీ గుడ్డలు పరచడానికీ మధ్య కొన్ని నిమిషాలుంటాయి. ఒళ్లు ఎక్కువగా తెరుచుకుని ఉండేది అప్పుడే. ఆ కాసేపు తలుపులు మూసి ఉంచడం, పనిలేనివాళ్లని బయట ఉంచడం, తుడిచే చోటే తెరవడం ఖర్చులేని పనులు. మంచి థియేటర్ సిస్టర్ ఉన్న చోట ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే జరిగిపోతాయి.

వాగేస్తానేమోనన్న భయానికి జవాబు సులువు. పూర్తి మత్తులో గొంతులో ట్యూబు ఉంటుంది, మాట రాదు. మెలకువ వచ్చేటప్పుడు కొందరు రెండు మాటలు మాట్లాడతారు, చాలావరకు మంచినీళ్లు కావాలనో ఇంట్లోవాళ్లు ఎక్కడనో. మధ్యలో మెలకువ వస్తుందేమోనన్న భయానికి లెక్కలే ఉన్నాయి. బ్రిటన్, ఐర్లండ్ దేశాల్లో చేసి 2014లో విడుదల చేసిన పెద్ద సర్వేలో, పూర్తి మత్తు ఇచ్చిన దాదాపు 19,000 మందిలో ఒకరు మెలకువ వచ్చిందని చెప్పారు. పూర్తి మత్తుతో చేసే సిజేరియన్లలో ఇది దాదాపు 670కి ఒకటిగా ఉంది. ఎక్కువ సిజేరియన్లు నడుముకి ఇచ్చే మత్తుతోనే చేయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

నడుముకి మత్తు అంటే మనిషి మెలకువగానే ఉంటుంది. ఇది మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లకి ఎంత దగ్గరి విషయమో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెబుతాయి. 2019–21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. అంటే ఆపరేషన్ బల్ల మీద మెలకువతో, నడుము కింద స్పర్శ లేకుండా, చెవులు పూర్తిగా పనిచేస్తూ పడుకున్న అనుభవం తెలంగాణలో సగానికి పైగా తల్లులది. తెర అవతల ఏం జరుగుతోందో కనపడదు, ప్రతి మాటా వినపడుతుంది. తన ఒంటి లావు గురించో, ముందు కాన్పు కుట్ల గురించో ఎవరైనా తేలిగ్గా అన్న మాట ఆమెతో పాటే ఇంటికి వెళుతుంది. పాప ఏడుపు వినపడ్డ క్షణం ఎంత గుర్తుంటుందో, అదీ అంతే గుర్తుంటుంది. వీపు వంచి కూర్చోబెట్టి సూది వేసేటప్పుడు ముందు నుంచి ఒక సిస్టర్ భుజాలు పట్టుకుని, వెనక ఏం జరుగుతోందో ఒక్కొక్కటీ చెబుతూ ఉంటే ఆమెకి చాలా ధైర్యం. కదలకుండా కూర్చుంటే సూది కూడా సులువుగా పడుతుంది. కాన్పు గదిలో మర్యాదా, గోప్యతా, తోడుగా ఒక మనిషీ ఉండాలన్నది 2017లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమంలో రాసుకున్న నియమాలే.

చరిత్రలో సిగ్గు వైద్యానికి మేలు చేసిన సందర్భాలున్నాయి. 1816లో ప్యారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనె లెనెక్ దగ్గరికి గుండె జబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పట్లో వైద్యులు రోగి ఛాతీకి చెవి ఆనించి వినేవారు. యువతికి అలా చేయడం మర్యాద కాదని లెనెక్ కాగితాల్ని గొట్టంలా చుట్టి ఒక కొస ఆమె ఛాతీ మీద, ఇంకో కొస తన చెవికి పెట్టుకున్నాడు. గుండె చప్పుడు అంతకు ముందెన్నడూ లేనంత స్పష్టంగా వినపడింది. స్టెతస్కోప్ అలా పుట్టింది. ఆమె సిగ్గుని గౌరవించడం వల్లే అతనికి కొత్త దారి దొరికింది.

మన దగ్గర ఇదే గౌరవం ఆసుపత్రుల్నే కట్టించింది. పరదా పాటించే ఆడవాళ్లు మగ డాక్టర్లకి చూపించుకోలేక చనిపోవడం చూసి, మేరీ షార్లీబ్ 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. 1885లో మద్రాసులో ఆమె మొదలుపెట్టిన గోషా ఆసుపత్రే ఈనాటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. విశాఖపట్నం విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ అందరూ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రి వెలిసింది. అదే హైదరాబాద్‌లో నిజాం డబ్బుతో 1888, 1889లో క్లోరోఫాం భద్రత మీద రెండు కమిషన్లు పనిచేశాయి. ఆ రోజుల్లోనే రూపాబాయి ఫర్దూంజీ అనే ఆమె ఇక్కడి ఆసుపత్రుల్లో రోగులకి క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా ఆమెని చెప్పుకుంటారు. ఈనాడు థియేటర్‌లో ఆడ డాక్టర్ కావాలని అడిగే అమ్మాయి కొత్త కోరికేమీ కోరడం లేదు.

సిగ్గుని పట్టించుకోకపోతే అది రోగిని ఆసుపత్రి గడపే ఎక్కనివ్వదు. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగుల్లో సగానికి పైగా ముదిరాకే వస్తున్నారు. దూరం, డబ్బు, ఇంటి బాధ్యతలు, తెలియకపోవడం అన్నీ కారణాలే. చూపించుకోవాలంటే సిగ్గు అన్నదీ వాటిలో ఉంది. 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 2019–21 సర్వే నాటికి దేశంలో 1.9 శాతమే. ఇక్కడ శాస్త్రం ఒక మంచి మార్గం చూపింది. ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్షకి కావలసిన నమూనాని స్త్రీ తనంతట తానే, తలుపు వేసుకుని, చిన్న స్వాబ్‌తో తీసుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ పద్ధతిని ఆమోదించింది. మన ఆశా కార్యకర్తల చేతికి ఈ కిట్లు ఎంత తొందరగా వస్తే అంత మంచిది.

మత్తులో ఉన్న మనిషి ఒంటి మీద హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకి మన సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా జవాబిచ్చింది. 44 ఏళ్ల ఒక మహిళ జబ్బు ఏమిటో తెలుసుకునే ల్యాపరోస్కోపీకి ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక ఆమెనే అడగడానికి వీలున్నప్పుడు, తల్లి అనుమతి చెల్లదని కోర్టు చెప్పింది. పరీక్షకి ఇచ్చిన సమ్మతి చికిత్సకి సమ్మతి కాదు. అమెరికాలో అయితే మత్తులో ఉన్న స్త్రీలకి వైద్య విద్యార్థుల చేత వాళ్లకి తెలియకుండానే అంతర్గత పరీక్షలు చేయించే అలవాటు దశాబ్దాల పాటు సాగింది. దాని మీద ఒక్కొక్క రాష్ట్రంలో చట్టాలు వస్తూ, చివరికి 2024 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ఆరోగ్య శాఖ రాతపూర్వక సమ్మతి తప్పనిసరి అంది. విద్యార్థులు నేర్చుకోవాల్సిందే, లేకపోతే రేపటి డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు? కానీ అడిగితే ఒప్పుకునే రోగులు చాలామంది ఉంటారు, అడగకుండా చేస్తేనే అది ద్రోహం.

ఇప్పుడు కెమెరాలు కూడా వచ్చి చేరాయి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలు, ఆడవాళ్లని పరీక్ష చేస్తున్నవి, యూట్యూబ్‌కీ టెలిగ్రామ్‌కీ ఎక్కాయి. పరీక్ష గదిలో కెమెరా ఎందుకు పెట్టారన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. ఆపరేషన్ ఫోటోలు, వీడియోలు బోధన కోసం తీయడం మామూలే. దానికీ విడిగా సమ్మతి కావాలి, ఆ సమ్మతి నిరాకరించినా చికిత్సలో తేడా రాకూడదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దాన్ని రాష్ట్రాలకి పంపింది. గోప్యత, మానవ గౌరవం అందులో ఒకటి. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు స్త్రీ రోగి పక్కన ఇంకో స్త్రీ ఉండాలన్నది ఆ హక్కులో భాగమే.

ఇవన్నీ అడగడానికి సరైన సమయం మత్తు డాక్టర్ ముందుగా పరీక్ష చేసే రోజు, పీఏసీ అంటారు. థియేటర్ గుమ్మం దగ్గర ఎవరికీ తీరిక ఉండదు. ఈ ఆపరేషన్‌కి లోదుస్తులు తీయాల్సిన అవసరం ఉందా? ఉదాహరణకి కంటి శుక్లాల ఆపరేషన్‌కి అక్కర్లేదు. పైపు పెట్టడానికి, పార్ట్ ప్రిపరేషన్‌కి ఆడవాళ్లకి ఆడవాళ్లు, మగవాళ్లకి మగవాళ్లు ఉంటారా? లోపల విద్యార్థులుంటారా? ఫోటోలు తీస్తారా? ట్రాన్స్‌జెండర్ వ్యక్తి అయితే ఏ వార్డులో ఉంచుతారు, ఏ పేరుతో పిలుస్తారు? పాత గాయాలున్నవాళ్లు, ఎప్పుడో లైంగిక హింసకి గురైనవాళ్లు, కారణం చెప్పకుండానే "నన్ను ముట్టుకునే ముందు చెప్పండి" అని అడగవచ్చు. అత్యవసర ఆపరేషన్లలో, రాత్రి డ్యూటీల్లో అన్ని కోరికలూ తీరవు. అది ముందే నిజాయితీగా చెబితే రోగి అర్థం చేసుకుంటుంది. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు, మాట ఇచ్చిన విషయాల్ని అందులోనే తెలుగులో రాయించి, ఒక కాపీ అడిగి తీసుకోండి.